రెండు చక్రాలదే చాలు

పోయినేడు దసరాకు పది రోజుల ముందు మా ఇంట్లో అనురాధ అనే పేరు మొదటిసారి వినపడింది. ఆ తర్వాత పత్తి కాలం అయిపోయేదాకా ఆ పేరు వినపడని పూట లేదు. ఎవరూ అనని పూట నాకు నేనే అనుకునేదాన్ని.

మా ఆయన బాలరాజుకు అంతవరకు మూడు చక్రాల లగేజీ ఆటో ఉండేది. ఎమ్మిగనూరు నేతగాళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు మూటలుగా కట్టి బస్టాండుకు చేర్చేవాడు. పత్తి కాలం వస్తే చుట్టుపక్కల పల్లెల నుంచి పత్తి మూటలు ఆదోని మార్కెట్ యార్డుకు తోలేవాడు. ఆ ఆటో శ్రావణంలో ఇంజను పోయి మూలపడింది. దాన్ని బాగుచేయించే బదులు అమ్మేసి పికప్ బండి కొనుక్కోమని అందరూ చెప్పారు. ఆయన మనసులోనూ అదే ఉంది. ఏ పికప్ అనేదే తేలలేదు.

కనుక్కోవడానికని ఒకరోజు ఆదోనికి పోయాడు. అక్కడ జిన్నింగు మిల్లుల వీధిలో బండి సామాన్ల దుకాణం ఒకటి ఉంది. వెనక షెడ్డులో రిపేర్లు కూడా చేస్తారు. దాన్ని నడిపే ఆవిడే అనురాధ. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చిన మనిషి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నేరుగా మగ్గం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మే, ముందు సక్రాలు గూడా లాగుతాయంట," అన్నాడు.

నేను మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాను. చేతిలో అడ్డపోగు విసిరే నాడె అలాగే ఆగిపోయింది. ఏ చక్రాలు, ఎక్కడికి లాగుతాయి అన్నది కాదు నాకు ఆశ్చర్యం. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఆయన మగ్గం దగ్గరికొచ్చి నాతో ఒక సంగతి చెప్పడం అదే మొదలు.

మా ఆయన చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. తాగడు, చెయ్యెత్తడు. కానీ ఇంట్లో మాట్లాడడు. "అన్నం పెట్టు", "నీళ్ళు వచ్చినాయా", "పోయొస్తా" అనే మూడు మాటలతో ఆయన రోజు గడిచిపోయేది. ఆటో కొన్న సంగతి అది వాకిట్లోకి వచ్చాక నాకు తెలిసింది. మా కూతురు ఇందును ఏ కాలేజీలో చేర్చాడో ఆ పిల్ల పెట్టె సర్దుకుంటూ చెబితే తెలిసింది. మగ్గం చప్పుడులో మాటలు వినపడవు కదా, అందుకే చెప్పడేమో అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని.

అలాంటి మనిషి ఆ పూట అన్నం దగ్గర నోరు మూయలేదు. కంచంలో మిగిలిన మజ్జిగలో వేలు ముంచి నేల మీద బండి బొమ్మ గీశాడు. మామూలు పికప్‌కు వెనక రెండు చక్రాలే లాగుతాయనీ, ముందువి ఊరికే దొర్లుతాయనీ చెప్పాడు. ఇంకో రకంలో నాలుగూ లాగుతాయట. బురదలో దిగినప్పుడు గేరు పక్కన ఇంకో చిన్న కడ్డీ ఉంటుందట, దాన్ని మారిస్తే చాలట. ప్రతి మాటకూ చివర "ఆ యమ్మ సెప్పింది" అని తగిలించాడు. ఏడాదిలో ఎన్ని రోజులు తడిదారిలో తిరుగుతావు అని అడిగిందట ఆ యమ్మ. ఆయన చెప్పలేకపోయాడట. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఎదురుగా నేను కూర్చునే ఉన్నాను. నన్ను అడగలేదు.

మా అత్త ఈరమ్మ గోడకు ఆనుకుని వక్కాకు నములుతూ ఇదంతా చూసింది. "ఎవురో గానీ మహాతల్లి. నా కొడుకు నోరు తెరిపిచ్చింది," అని నవ్వింది.

ఆమె మామూలుగానే అంది. నేను మాత్రం తడిగుడ్డ తెచ్చి నేల మీది మజ్జిగ బొమ్మను తుడిచేశాను.

ఆ వారంలో ఆయన మూడుసార్లు ఆదోనికి పోయాడు. పోయేముందు ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. ఎప్పుడూ ఉతికిన చొక్కానే తొడుక్కునేవాడేమో, నేనే చూసి ఉండను. ఇప్పుడు అన్నీ కనపడసాగాయి. తల దువ్వుకున్న దువ్వెన, ఫోను పట్టుకుని వాకిట్లోకి పోవడం, "అట్లనే మా, సరే మా" అంటూ తల ఊపడం. మగ్గం మీద నా పోగులు ఎప్పుడూ లేనంతగా తెగుతున్నాయి. రోజుకు రెండు దుప్పట్లు దించే నేను ఒక్కటి దించడానికి ఆపసోపాలు పడ్డాను. ఆ ఇద్దరి మధ్య ఇంకేదో ఉందని నేను అనుకోలేదు. అలా అనుకుని ఉంటే ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని, పదిమందిలో పెట్టేదాన్ని. నన్ను తినేసింది వేరే. ఒక మనిషిని కూర్చోబెట్టి అడిగితే ఇన్ని మాటలు చెబుతాడా? ఈ మాటలన్నీ ఇన్నేళ్ళూ ఎక్కడ దాచాడు?

చివరికి రంగు నూలు చూసొస్తానని అత్తకు చెప్పి నేనే ఆదోని బస్సెక్కాను.

దుకాణం వెతుక్కోవడం కష్టం కాలేదు. లోపల బల్ల వెనక ఒకావిడ నిలబడి ఉంది. నలభై ఐదు దాటి ఉంటాయి. ముందు జుట్టు నెరిసింది. ముక్కు మీదికి జారిన అద్దాలు, నడుములో దోపిన కొంగు, గోళ్ళ సందుల్లో గ్రీజు. నేను అందగత్తెను చూడబోతున్నానని తయారై వచ్చాను. అందగత్తె అయ్యుంటే నాకు సులువయ్యేది.

ఆమె స్టూలు తుడిచి ముందుకు జరిపింది. పికప్ కొనాలనుకుంటున్నామని ఎవరో పరాయిదాన్లా చెప్పాను.

"యాడ తిరుగుతాది అక్కా బండి?" అని అడిగింది.

"మాధవరం పక్క. పత్తి తోలేకి."

"తారు రోడ్డు మీదనేనా, పొలాల్లోకి దిగాల్నా?"

మాధవరం నా పుట్టిల్లు. మా నాయన మగ్గం నేస్తూనే నాలుగెకరాలు చేసేవాడు, ఇప్పుడు మా అన్న దేవేంద్రప్ప చేస్తున్నాడు. రోడ్డు నుంచి ఆ పొలానికి మైలున్నర నల్లరేగడి దారి. సగంలో ఒక వంక, చిన్న వాగులాంటిది, అడ్డం వస్తుంది. చిన్నప్పుడు నాయనకు సద్ది తీసుకుని రోజూ నడిచిన దారి అది. ఆమె ఒక్కొక్కటే అడుగుతూ పోయింది, నేను చెబుతూ పోయాను. వాన పడితే ఎన్నాళ్ళకు ఆరుతుంది, వంకలో కిందిది ఇసకా మన్నా, కాలవకు నీళ్ళు వదిలితే ఎక్కడెక్కడ ఊట పడుతుంది. పక్కన పెట్టిన టీ చల్లారిపోయింది. ఆమె అద్దాలు తీసి చేతిలో పట్టుకుని, నేను చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో ఒక్క మాట అనకుండా విన్నది.

అప్పుడు చెప్పింది. "రెండు సక్రాలదాంట్లో తప్పేం లేదక్కా. ధర తక్కువ, డీజిలు తక్కువ తాగుతాది, బరువు గూడా బాగా మోస్తాది. రోడ్డు మీద తిరిగేటోళ్ళకు అదే మేలు. అయితే నీది పత్తి. పత్తికి ఎత్తుంటాది గానీ బరువుండదు. పైన బరువు లేకుంటే తడినేలలో ఎనక సక్రాలకు పట్టు దొరకదు, ఉన్నకాడనే తిరుగుతాయి. అప్పుడు ముందువి గూడా లాగాల."

"వాన దినాలు ఏడాదికి పదో పదైదో కదా," అన్నాను.

"ఆ పదైదు దినాల్లోనే కదక్కా రైతు మనల్ని పిలిచేది. ఎండ కాస్తాంటే ఎద్దులబండి గూడా పోతాది."

లేచి వస్తుంటే, ఎమ్మిగనూరు నుంచి ఒకాయన వస్తుంటాడనీ, ఆయనదీ ఇదే దారి అనీ, కానీ ఇన్ని సంగతులు ఆయన చెప్పలేదనీ అంది. నవ్వుతూనే అంది. ఆయన మా ఆయనే అని చెప్పకుండా మెట్లు దిగాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమెలో ఒక్క చెడ్డ గుణం వెతికాను. దొరకలేదు. నన్ను అక్కా అని పిలిచింది, కూర్చోబెట్టింది, నా మాట విన్నది. నా బతుకులో ఎవరూ నన్ను అంతసేపు అడగలేదు. ఎవరిని చూసి ఓర్వలేకపోయానో ఆ మనిషి దగ్గరే నాకు కావలసింది దొరికింది. అది నన్ను ఇంకా మండించింది. చెడ్డదాన్నయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని. మంచిదాన్ని ఏం చేయాలి?

దసరా ముందురోజు. ఆయన ఆదోని నుంచి వచ్చి మళ్ళీ మగ్గం దగ్గర నిలబడ్డాడు. రేపు మంచిరోజు, అడ్వాన్సు కట్టాలని చెప్పాడు. పడుగు మీద చెయ్యి పెట్టి పోగులు నిమిరాడు.

"నువ్వేమంటావు?" అన్నాడు.

పంతొమ్మిదేళ్ళు నేను ఆ మాట కోసం ఎదురుచూశానని అది వినపడిన తర్వాత తెలిసింది. నాలుగు చక్రాలది అనే జవాబు నా నోట్లోనే ఉంది. ఆ దారి నాకు తెలుసు, ఆ వంక తెలుసు, వానలో ఆ మన్ను ఎలా జిగురు కడుతుందో మా నాయన ఎద్దుల కాళ్ళ దగ్గర నుంచీ తెలుసు. కానీ నాలుగు అనేది అనురాధ మాట. నేను కూడా అదే అంటే, నన్ను అడిగినట్టు కాదు, ఆమె మాటకు నా చేత తల ఊపించినట్టు అవుతుంది.

"రెండు సక్రాలదే సాలు," అన్నాను.

"సాలంటావా?"

"పదైదు దినాల వానకు అంత దుడ్డు పోయాల్నా?"

ఆయన నా వైపు ఒక క్షణం చూశాడు. "సరే," అన్నాడు. పోయి కాళ్ళు కడుక్కున్నాడు.

తెల్లటి పికప్ వచ్చింది. ఈరమ్మ అత్త దిష్టి తీసింది, నేను పసుపు కుంకుమ పెట్టాను, నిమ్మకాయల మీదుగా చక్రాలు పోయాయి. దీపావళి దాకా చినుకు లేదు. దారులు రాయిలా గట్టిగా ఉన్నాయి. మా అన్న మాట మీద మాధవరం పక్క పన్నెండు మంది రైతులు ఈ ఏడు పత్తంతా మా బండికే ఎత్తుతామని ఒప్పుకున్నారు. ఆయన పొద్దున పోయి మధ్యాహ్నానికి ఆదోని యార్డులో దించి, సాయంత్రానికి ఇంటికొచ్చేవాడు. వచ్చాక నా దగ్గర కూర్చునేవాడు. యార్డులో ఎవరి పత్తికి ఎంత పలికింది, తేమ ఎక్కువుందని ఎవరి సరుకు పక్కన పెట్టారు, జిన్నింగు మిల్లు గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డాడు, అన్నీ చెప్పేవాడు.

"నీ మాటే మంచిదాయె మే. డీజిలు శానా తక్కువ తాగుతాంది," అన్నాడు ఒకరోజు.

ఆ రోజు నేను మూడు దుప్పట్లు దించాను. పోగు తెగలేదు. అనురాధ పేరు వారానికొకసారి కూడా వినపడటం లేదు. ఎప్పుడైనా ఆయన సర్వీసుకు పోయొచ్చి "ఆ యమ్మ అడిగింది, బండి ఎట్లుందని," అంటే, "బాగుందని సెప్పు," అనేదాన్ని. గెలిచినదాని గొంతుతో అనేదాన్ని. దొంగ సొమ్ము కూడా ఒంటి మీద మెరుస్తుంది కదా.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. ఒక రాత్రీ ఒక పగలూ కురిసి తెరిపి ఇచ్చింది. మరుసటి రోజు పొద్దున్నే మా అన్న ఫోను చేశాడు. తీసిన పత్తంతా పొలంలోనే పట్ట కింద ఉందనీ, సాయంత్రానికి మళ్ళీ వాన ఉందంటున్నారనీ, ఎలాగైనా మధ్యాహ్నంలోపల ఎత్తాలనీ చెప్పాడు. ఆయన తాళంచెవి తీసుకున్నాడు. మూటలెత్తడానికి నేనూ వస్తానని ఎక్కి పక్కన కూర్చున్నాను.

తారు రోడ్డు దిగే చోట ఆయన బండి ఆపాడు. దారి నల్లగా నిగనిగలాడుతోంది. నాకు చూడగానే తెలిసిపోయింది. ఆయన కూడా చూశాడు. నేనేమైనా అంటానేమో అని ఆగినట్టు అనిపించింది. నేను అనలేదు. ఏమని అంటాను?

పోయేటప్పుడు ఎలాగో పోయాం. పొలంలో మా అన్నా, వదినా, నేనూ, ఆయనా మూటలన్నీ ఎక్కించాం. బండి మీద పత్తి మనిషెత్తు లేచింది. తిరిగి వచ్చేటప్పుడు వంక దిగి, అవతల గట్టు ఎక్కుతుండగా వెనక చక్రాలు ఆగాయి. ఆగలేదు, తిరుగుతూనే ఉన్నాయి, బండి ఆగింది. ఆయన వెనక్కి పోనిచ్చాడు, ముందుకు పోనిచ్చాడు. ప్రతిసారీ చక్రం ఇంకో జానెడు కిందికి దిగింది. టైర్ల గాడుల్లో మన్ను నిండిపోయి అవి నున్నగా అయిపోయాయి. ముందు చక్రాలు రెండూ గట్టి నేల మీదే ఉన్నాయి. అవి ఊరికే నిలబడి చూస్తున్నాయి.

కంపలు కొట్టి వేశాం. రాళ్ళు వేశాం. మా అన్న ఎక్కడి నుంచో ఒక చెక్కపలక తెచ్చి చక్రం కింద దోపాడు. "ఇప్పుడు తొక్కప్పా," అని అరిచి చెయ్యి తీసేలోపల చక్రం దాన్ని పట్టి వెనక్కి విసిరింది. పలక మా అన్న కుడి మణికట్టుకు తగిలింది. అన్న గట్టిగా అరవలేదు కూడా. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని బురదలో కూర్చుండిపోయాడు. అప్పుడే మళ్ళీ చినుకులు మొదలయ్యాయి.

కోసిగి నుంచి సురేష్ అనే అతను వేరే రైతు పత్తి కోసం అదే దారిలో వస్తున్నాడు. అతనిది నాలుగు చక్రాలూ లాగే బండి. మా బండి పక్కగా గట్టు దిగి, వంక దాటి, ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి ఎక్కేసింది. ఆ ఎక్కడం చూసి, మా అన్న చెయ్యి వాస్తుంటే, ఆ క్షణంలో కూడా నాలో మొదట లేచింది జాలి కాదు. ఆ బండి మాది కాలేదే అని. అది మాది కాకుండా చేసింది నేనే అన్నది దాని వెనక వచ్చింది.

సురేష్ మంచివాడు. మా అన్ననూ వదిననూ ముందు సీట్లో ఎక్కించుకుని ఎమ్మిగనూరు ఆసుపత్రికి చేర్చాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి ఇంకో ముగ్గురు రైతుల పత్తి మోసుకుపోయాడు. మా బండి నాలుగు రోజులు, నేల ఆరి బయటికి లాగేదాకా, వంక గట్టున అలాగే ఉంది. పైన పట్ట గాలికి చినిగింది. పత్తి తడిసి, పసుపు తేలి, యార్డులో ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఐదోరోజు మా అన్నను చూడటానికి మాధవరం పోయాం. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని మంచంలో కూర్చున్నాడు. పక్క పొలం శేషప్ప కూడా ఉన్నాడు. పన్నెండు మందిలో ఎనిమిది మంది సురేష్ బండికి మారారనే మాట శేషప్పే చెప్పాడు. అప్పుడు మా అన్న నెమ్మదిగా అడిగాడు.

"తప్పుగా అనుకోవద్దప్పా. ఈ దారి సంగతి తెలిసి గూడా నాలుగు సక్రాలది ఏంటికి తీసుకోలేదు?"

నేను నీళ్ళ చెంబు పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాను.

"నాకే వద్దనిపిచ్చింది బావా," అన్నాడు మా ఆయన. "నాదే తప్పు."

నా వైపు చూడలేదు. చెంబు ఇచ్చి వంటింట్లోకి పోయాను. వదిన పొయ్యి ముందు కూర్చుని ఒక్కతే రొట్టెలు కొడుతోంది. పక్కన కూర్చుని నేను కూడా పిండి తీసుకున్నాను.

మరుసటి రోజు పొద్దున ఆయన వాకిట్లో కూర్చుని చక్రాలకు అంటుకున్న మన్ను ఇనుపచువ్వతో గీకుతున్నాడు. ఎండిన రేగడి పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. నేను బకెట్టుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాను.

"తెలిసే సెప్పినా," అన్నాను.

చువ్వ ఆగింది.

"రెండు సక్రాలది ఆడ పనికిరాదని నాకు తెలుసు. ఆ యమ్మ నాలుగనింది కదా, అందుకని రెండన్నా. నూలు కోసమని సెప్పి ఆ యమ్మ దగ్గరికి గూడా పోయొచ్చినా."

ఆయన చువ్వ మొనకు అంటిన మన్ను వేలితో తీశాడు.

"పోయొచ్చినావని తెలుసు," అన్నాడు. "దారి సంగతిని బట్టి ఆ యమ్మే కనుక్కోని సెప్పింది. మీ ఇంటామె వచ్చింది, దారి సంగతి నీకన్నా ఆమెకే బాగా తెలుసు, ఆమెను అడుగు అని. అందుకే అడిగినా."

మళ్ళీ చువ్వ అందుకుని గీకడం మొదలుపెట్టాడు. నేను అక్కడే నిలబడ్డాను. ఆయన తిడితే బాగుండునని ఉంది. తిట్టలేదు. నన్ను అడగమని చెప్పింది కూడా ఆమేనని తెలిశాక, నాకు దక్కిన ఆ ఒక్క "నువ్వేమంటావు" కూడా నాది కాకుండా పోయింది. అది ఆమె నాకు పంపించింది. ఆమె పంపినదాన్నే నేను ఆమె మీదికి రాయిలా విసిరాను. అది పోయి మా అన్న చేతికి తగిలింది.

ఆ తర్వాత ఆయన మళ్ళీ మూడు మాటల మనిషి అయ్యాడు. అన్నం పెట్టు. నీళ్ళు వచ్చినాయా. పోయొస్తా. సాయంత్రాలు మగ్గం దగ్గరికి రాలేదు. "మళ్ళా ఏమాయె వీడికి?" అని అత్త నన్నే అడిగింది. నాకేం తెలుసన్నాను. ఆయన తారు రోడ్డు పక్క ఊళ్ళ నుంచే చిన్న చిన్న లోడ్లు వెతుక్కుని తోలుతున్నాడు. నేను ఎప్పటిలా ఉన్నానని చూపించుకోవడానికి రోజుకు రెండు దుప్పట్లు దించాను. ఒకసారి ఆయన ఫోను మోగింది. అనురాధ పేరు పడింది. ఆయన బయట ఉన్నాడు. ఎత్తి మాట్లాడాలనుకున్నాను, క్షమించమనాలో తిట్టాలో తెలియక, అది మోగి మోగి ఆగేదాకా చూస్తూ కూర్చున్నాను.

మార్గశిరం సగమయ్యాక ఒకరోజు పొద్దున ఆయన గడప దగ్గర ఆగాడు.

"మాధవరం పోవాల. శేషప్పది, మీ అన్నది కడాకరు పత్తి, దీంతో ఈ ఏటికి అయిపోతాది. కాలవకు నీళ్ళు ఇడిసినారంట. నువ్వు గూడా రావాల."

ఎందుకని అడగలేదు. నూలు కండె పక్కన పెట్టి గుంతలోంచి లేచాను.

వంక దగ్గర బండి ఆపి నన్ను దిగమన్నాడు. అప్పుడు అర్థమైంది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ముందు నడిచాను. చక్రాలు పడిన గాడులు వదిలేసి గడ్డి మొలిచిన అంచు వెంబడి పోయాను. అరికాలు కింద ఎక్కడ మెత్తగా దిగుతుంది, ఎక్కడ గరుసు తగులుతుంది, చిన్నప్పుడు సద్ది మోసిన కాళ్ళకు ఇంకా గుర్తుంది. మెత్తగా ఉన్నచోట చెయ్యి ఎడమకు చూపించాను, గట్టిగా ఉన్నచోట నేరుగా రమ్మన్నాను. బండి నా వెనక మనిషి నడకలో వచ్చింది. గట్టు దగ్గర పక్కకు తప్పుకుని చెయ్యెత్తాను. ఆయన ఆపకుండా ఒకే ఊపున ఎక్కించాడు.

ఆ రోజు అలా మూడుసార్లు తిరిగాం. చివరిసారి మేము పొలానికి పోతూ వంకలో ఉండగా సురేష్ బండి ఎదురొచ్చింది. హారను కొట్టి, చెయ్యూపి, మాకు పక్కగా బురద చిమ్ముకుంటూ దాటిపోయింది. దాని ముందు ఎవరూ నడవనక్కరలేదు. దాన్ని చూసి నాకు ఈర్ష్య పుట్టలేదని చెబితే అబద్ధం. మోకాళ్ళ దాకా మన్నుతో నిలబడి, అది రోడ్డెక్కేదాకా చూశాను.

బురదలో ఆపకూడదు కాబట్టి ఆయన మూటల బండిని నేరుగా తారు రోడ్డు దాకా తీసుకుపోయాడు. నేను వెనక ఒక్కదాన్నే నడిచి వచ్చాను. పోయేసరికి నా పక్క తలుపు తీసి ఉంది. ఎక్కి కూర్చున్నాను. ఆయన ఇంజను వేయలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి అద్దంలోంచి దారి వైపు చూస్తున్నాడు.

"ఇంకా రెండు లోడ్లు ఉండాయి," అన్నాడు. "రేపు వద్దామా? ఎట్లంటావు?"

ఈసారి వెంటనే చెప్పలేదు. వస్తానంటే ఇంకో రోజు ముందు నడుస్తాను, ఇంకో రోజు ఆయన నన్ను రమ్మంటాడు. ఆ ఆశ నాలుక దాకా వచ్చింది. కానీ నడిచి వస్తున్నప్పుడు వెనక్కి తిరిగి చూశాను. నా అడుగుల్లో నీళ్ళు ఊరుతున్నాయి. పొద్దున ఊరలేదు.

"రేపటికి ఆ దారి మన బండిని మొయ్యదు," అన్నాను. "సురేష్‌కు ఫోన్ సెయ్యి. ఆ రెండు లోడ్లు ఆయప్పనే ఎత్తుకోనీ."

ఆయన నా వైపు తిరిగి చూశాడు. నేను తల తిప్పుకోలేదు.

"సరే," అని జేబులోంచి ఫోను తీశాడు.